అయిదు వోల్టుల తగవు

చేతిసంచిలో నిమిడిపోవు ప్రొజెక్టర్లు వచ్చినప్పటినుండి, తెల్లని గోడ గల ప్రతి యిల్లును, చదునైన మేడ గల ప్రతి లోగిలియు నొక చిన్న చిత్రశాల యగుటకు వీలు కలిగినది. కాని యా ప్రొజెక్టరునకు చిత్రము నందించు హార్డు డిస్కును విద్యుత్తుతో నెవరు పోషింపవలెనను ప్రశ్న మాత్రము తెగక నిలిచియున్నది. ప్రొజెక్టరు వెనుకనున్న యూఎస్‌బీ పోర్టే దానిని పోషింపవలెనని కొందరును, అది పోర్టు శక్తికి మించిన పని యని కొందరును వాదించుచుందురు. గ్రామ గ్రంథాలయపు ముంగిట శనివారపు ప్రదర్శనలు నడపు ఒక విశ్రాంత తెలుగు పండితునకును, విజయవాడలో ఎలక్ట్రానిక్ పరికరముల మరమ్మతు దుకాణము పెట్టుకొన్న యాయన బావమరిదికిని నడచిన యీ సంవాదమున రెండు పక్షములును వినవచ్చును.

బావ: ఏమోయి, ముందు నా పక్షము విను. ఈ ప్రొజెక్టరును నేను కొన్నది దాని వెలుగును చూచి కాదు, దాని స్వాతంత్ర్యమును చూచి. లోపల బ్యాటరీ గలదు, స్పీకరు గలదు. గోడలోని ప్లగ్గుతో నిమిత్తము లేకయే రెండు గంటలు బొమ్మ చూపగలదు. ఇట్టి దానికి వెనుక నొక యూఎస్‌బీ పోర్టు పెట్టి, ఇచ్చట నీ డిస్కును తగిలించుకొమ్మని పిలిచి, తీరా తగిలించిన పిమ్మట ఆ డిస్కు టిక్కుటిక్కు మని కొట్టుకొనుచుండగా, ‘పరికరము కనబడలేదు’ అని తెరపై వ్రాసి నలుగురిలో నన్ను నవ్వులపాలు చేయుట ఏమి మర్యాద?

బావమరిది: బావగారూ, పోర్టు పిలిచిన మాట నిజమే, ఎంత యిత్తునని పిలిచినదో మీరు విచారింపలేదు. యూఎస్‌బీ రెండవ ప్రమాణము 2000 సంవత్సరమున వెలువడినది. దానిని పాటించు పోర్టు అయిదు వోల్టులవద్ద 500 మిల్లీయాంపియర్ల వరకు, అనగా రెండున్నర వాట్ల వరకు మాత్రమే మాట యిచ్చుచున్నది. అదియు, తగిలిన పరికరము తానెవరో చెప్పుకొని యనుమతి పొందిన తరువాతనే. అంతవరకు 100 మిల్లీయాంపియర్లతో సరిపెట్టుకొనవలెనని నియమము. 2008లో వచ్చిన మూడవ ప్రమాణము ఆ మేరను 900 మిల్లీయాంపియర్లకు, అనగా నాలుగున్నర వాట్లకు పెంచినది గాని, చిన్న ప్రొజెక్టర్లలో పెక్కింటికి నేటికిని రెండవ ప్రమాణపు పోర్టే దిక్కు. ఇక మీ డిస్కు మాట: రెండున్నర అంగుళముల పళ్లెము నిముసమునకు 5,400 చుట్లు తిరుగునట్టిది. నిలకడగా తిరుగుచున్నంతసేపు రెండు వాట్ల కటునిటుగా తృప్తిపడును. కాని నిశ్చలస్థితినుండి కదలి యా వేగము నందుకొను కొద్ది క్షణములలో ఒక యాంపియరు దాక గుంజును. అరయాంపియరు మాట యిచ్చినవానిని యాంపియరు అడుగుట మాత్రము ఏమి మర్యాద?

బావ: లెక్కతో వచ్చితివి గనుక లెక్కతోనే బదులు చెప్పెదను. నా ప్రొజెక్టరు బ్యాటరీ 50 వాట్‌అవర్లది. దీపమును స్పీకరును కలిసి 25 వాట్లు గ్రహించుచున్నవి. కావున రెండు గంటలు నడచును. నీ డిస్కునకు రెండు వాట్లు చేర్చినను మొత్తము 27 వాట్లే గదా! 120 నిముసములు నడువవలసినది 111 నిముసములు నడచును. పోయినవి తొమ్మిది నిముసములు. విరామమున దీపము నార్పి వానిని నేను సంపాదించుకొనగలను. ఇంత నిల్వ యున్నచోట డిస్కునకు కొరత యనుట యెట్లు పొసగును?

బావమరిది: మీ లెక్కలో దోషము లేదు, అయితే మీరు లెక్కించినది నిల్వను, డిస్కు అడుగుచున్నది తత్క్షణ ప్రవాహమును. ధాన్యపు బస్తాలు నింపిన బండిని చదునైన దారిలో నడుపుట కొక జత యెడ్లు చాలును గాని, అదే బండి చక్రము గుంతలో దిగి నిలిచినప్పుడు దానిని కదల్చుటకు దారిన పోవు నలుగురును భుజము పట్టవలసివచ్చును. కదలిన పిదప వారు చేతులు దులుపుకొని పోవచ్చును. పళ్లెము తిరుగుట యారంభించునపు డట్టి నలుగురి భుజములు కావలెను. మీ బ్యాటరీ నుండి డిస్కు వరకు గల దారిని చూడుడు: లిథియం సెల్లుల నుండి వచ్చు విద్యుత్తు నొక కన్వర్టరు అయిదు వోల్టులకు మార్చును, దాని తరువాత, మితిమీరిన ప్రవాహమును ఆపుటకు పోర్టు ముంగిట నొక కాపలాదారు ఉండవలెనని ప్రమాణమే విధించినది. ఆ కాపలా కొన్నిట చిన్న స్విచ్చి. కొన్నిట, వేడెక్కినకొలది తన నిరోధమును పెంచుకొని, చల్లారిన పిమ్మట మరల దారి విడుచు ఫ్యూజు. డిస్కు లేవబోవును, కాపలా దారి మూయును, డిస్కు కూలబడును, దారి తెరచుకొనును, డిస్కు మరల లేవబోవును. మీరు వినిన టిక్కుటిక్కు చప్పుడు ఆ యారాటమే. బ్యాటరీలో ఏబది యున్నను అయిదువందలున్నను ఈ యిరుకు దారి వెడల్పు కాదు.

బావ: అట్లయినచో నా డిస్కు ఏనాడును నడువకూడదు. కాని కొన్ని శనివారములు బుద్ధిమంతునివలె నడచుచున్నది! పొరుగూరి హైస్కూలు మాస్టారి ప్రొజెక్టరునందు ఎల్లప్పుడును నడచుచున్నది. ఒకచోట నొకటి, ఇంకొకచోట వేరొకటి యగు నియమమును నేను నియమమని యెట్లు నమ్ముదును?

బావమరిది: ప్రమాణము చెప్పినది కనీసపు హామీ; అంతకు మించి యిచ్చుటకు ఎవరికిని అభ్యంతరము లేదు. ఆ మాస్టారి పోర్టు ఒక యాంపియరునో ఒకటిన్నర యాంపియరునో ఇచ్చునట్లు నిర్మింపబడి యుండును. మీది అంచుమీద నడచుచున్నది. అంచుమీద నడచువానికి గడ్డిపోచయు అడ్డమే. మీ కేబులునే చూతము. సన్నని కేబులులలో విద్యుత్తును మోయు తీగ 28 గేజిది. మీటరునకు దాని నిరోధము సుమారు 0.21 ఓము. పోవుట కొక తీగ, వచ్చుట కొక తీగ కావలెను గనుక, మీటరు పొడవు కేబులులో 0.43 ఓము నిలిచియుండును. ఒక యాంపియరు పారినప్పుడు 0.43 వోల్టు దారిలోనే హరించిపోవును. పోర్టువద్ద 4.75 వోల్టులే యున్నను ప్రమాణభంగము కాదు. కాని డిస్కు ముఖమున కందునది 4.32. డిస్కు సామాన్యముగా అయిదు వోల్టులకు నూటికయిదు పాళ్లు తగ్గినంతవరకే, అనగా ఆ 4.75 వరకే, సహించునట్లు చేయబడును. 24 గేజి తీగతో చేసిన అరమీటరు కేబులైనచో దారిలో పోవునది 0.08 వోల్టు మాత్రమే. ఒక శనివారము మీరు పొట్టి కేబులు తెచ్చియుందురు, నడచినది. వేరొక శనివారము వరండా మూలకు సాగదీయుటకై పొడుగుది తెచ్చియుందురు, నిలిచినది. ప్లగ్గులోని మకిలియు, ముదిసిన బ్యాటరీయు, ఒక మారు పెరిగిన స్పీకరు ధ్వనియు ఇట్లే త్రాసును అటో యిటో మొగ్గించును.

బావ: సరే, నిలిచినది. ఊడదీసి మరల తగిలింతుము, కొంపలేమి మునిగినవి? పైగా ప్రొజెక్టరు డిస్కును చదువుచున్నదే గాని దానిపై వ్రాయుట లేదు. ఎన్నిమారులు తెరచి మూసినను, చదివినంతమాత్రమున గ్రంథము చెడునా?

బావమరిది: గ్రంథమునకు చదువరి కన్ను తాకదు గనుక చెడదు. డిస్కులోని హెడ్డు తిరుగుచున్న పళ్లెముపై, వెండ్రుక మందముకంటె ఎన్నో రెట్లు పలుచనైన గాలిపొర మీద తేలుచు చదువును; పళ్లెము వేగము తగ్గినచో ఆ గాలిపొర యుండదు. అందుచే విద్యుత్తు హఠాత్తుగా పోయినప్పుడు, ఇంకను తిరుగుచున్న మోటారే జనరేటరుగా మారి, తన వేగమున మిగిలిన కొద్దిపాటి శక్తితో హెడ్డును పళ్లెము వెలుపలి భద్రస్థానమునకు చేర్చును. నిర్మాతలు చేసిన యీ యేర్పాటు ప్రశంసింపదగినదే. కాని యిది ఆపద్ధర్మము. సాధారణముగా హెడ్డును విశ్రమింపజేయుటను డిస్కులు లక్షలమారులు సహించునని చెప్పువారే, ఇట్టి యాకస్మిక విశ్రమణమునకు చెప్పు సంఖ్య అందులో చిన్నపాలు మాత్రమే. ఇక వ్రాయుట లేదందురా? ఆండ్రాయిడ్‌పై నడచు ప్రొజెక్టర్లు, మీరు కోరకున్నను, డిస్కుపై తమ ఫోల్డర్లను తామే సృష్టించుకొనుట కలదు. ఆ వ్రాత సగములో నుండగా డిస్కు కూలినచో చెడునది ఆ ఫోల్డరు మాత్రమే కాకపోవచ్చును. ఏ చిత్రము ఎచ్చట నున్నదో చెప్పు పట్టికయే చెదరినచో చిత్రములన్నియు డిస్కులో నుండియు లేనివే యగును.

బావ: ఆ మాట నాకు కొంత భయము కలిగించినదని యొప్పుకొందును. అయినను నీవు చెప్పినది నష్టమెట్లు కలుగునో; నేనడుగునది దోషమెవరిదో. తక్కువ యిచ్చు పోర్టుదా, ఎక్కువ యడుగు డిస్కుదా?

బావమరిది: విడివిడిగా చూచినచో ఇద్దరును సత్యవాదులే. పోర్టు అరయాంపియరు అన్నది, అరయాంపియరు ఇచ్చినది. డిస్కును తిరగవేసి చూచినచో అయిదు వోల్టులు, ఒక యాంపియరు అనియో, దాని కించుమించుగానో చిన్న యక్షరములతో ముద్రింపబడి యుండును. కంప్యూటరు వెనుకనున్న మూడవ ప్రమాణపు పోర్టును మనసున నుంచుకొని దానిని చేసినవారు, ఆ పోర్టులు ఆరంభపు గుంజుడును కొన్ని క్షణములు ఓర్చుకొనునను ధీమాతోనే చేసిరి. ఆ ధీమా కంప్యూటరువద్ద చెల్లినది, మీ ప్రొజెక్టరువద్ద చెల్లలేదు.

బావ: చక్కని తీర్పు! ఇద్దరును నిర్దోషులే, చీకటిలో కూర్చున్న గ్రామస్థులు మాత్రము శిక్ష యనుభవింపవలెను! నాయనా, ప్రమాణము లెందుకు పుట్టినవి? సామాన్యుడు వోల్టుల చింతయు యాంపియర్ల చింతయు లేక, సరిపడిన ప్లగ్గును సరిపడిన పోర్టులో దూర్చి తన పని చూచుకొనుటకు కాదా? మూడవ ప్రమాణపు డిస్కు ప్లగ్గు రెండవ ప్రమాణపు పోర్టులో నిరాటంకముగా దూరునట్లు ఆకారమును కలిపి యుంచినవారు, బలమును మాత్రము కలిపి యుంచలేదు. దూరకుండ చేసియున్నచో నేను కొనునప్పుడే మేల్కొనియుందును. దూరనిచ్చి పిమ్మట కాదనుటయే నా ఫిర్యాదు. నీవు చెప్పిన లెక్కలలో నేదియు దీనికి బదులు కాదు.

బావమరిది: కాదు, దీనిని త్రోసిపుచ్చుటకు నాకు మాట దొరకుటలేదు. ఆకారము నొక్కటిగా నుంచుటవలన, 2000 నాటి పెన్‌డ్రైవు నేటి కంప్యూటరులో పనిచేయుచున్నది. ఆ లాభమునకు చెల్లించిన మూల్యమే మీ యిబ్బంది. ఆ మూల్యమును కొనువాడు తెలియక చెల్లించుచున్నాడని మీరనునది న్యాయమే. ఆకారమును నమ్మినచో మోసము ఇంకను గలదు. కొన్ని ప్రొజెక్టర్లలోని యూఎస్‌బీ పోర్టు మరమ్మతు వారు సాఫ్టువేరు ఎక్కించుకొనుటకే గాని చిత్రములు చదువుటకు కాదు. కొన్నిటిది స్ట్రీమింగు స్టిక్కునకు విద్యుత్తు నిచ్చుటకే. సమాచారమును చదువనే చదువదు. ఇక టైప్-సీ పోర్టు చూచుటకెంత ఘనముగా నున్నను, పెక్కు చిన్న ప్రొజెక్టర్లలో అది ఛార్జింగును లోనికి పుచ్చుకొనుటకే. వెలుపలికి డిస్కును పోషించుటకు కాదు. ఇవన్నియు పోర్టు ప్రక్కన నున్న చిన్న యక్షరములలోనో, మాన్యువలు చివరి పుటలలోనో ఉండును. లేనిచో అరయాంపియరే యనుకొనుట క్షేమము.

బావ: తప్పెవరిదైనను శనివారము రాక మానదు. ఏమి చేయుమందువు?

బావమరిది: డిస్కును తన విద్యుత్తుతో తాను బ్రతుకనిండు. స్వంత అడాప్టరు గల యూఎస్‌బీ హబ్బును నడుమ నుంచినచో, చిత్రము ప్రొజెక్టరునకును, విద్యుత్తు అడాప్టరునుండియు వచ్చును. పోర్టుపై భారము నామమాత్రము. కాని రెండు జాగ్రత్తలు. కొన్ని ప్రొజెక్టర్లు హబ్బును దాటి డిస్కును చూడలేవు, కొనకముందే పరీక్షించుకొనవలెను. చౌకబారు హబ్బులు కొన్ని తమ విద్యుత్తును ప్రొజెక్టరు పోర్టులోనికి వెనుకకు నెట్టును. ప్రొజెక్టరును ఆర్పివేసి హబ్బును మాత్రము వెలిగించి చూచినప్పుడు ప్రొజెక్టరు దీపములు మినుకుమన్నచో ఆ హబ్బును వెంటనే తీసివేయుడు. ఇక రెండు తలల కేబులు నొక తల ప్రొజెక్టరులోను, రెండవ తల పవర్‌బ్యాంకులోను పెట్టుట లోకమున వాడుకలో నున్నది. పని యగును గాని, రెండు అయిదు వోల్టులను ఒక్క తీగకు ముడివేయుట గనుక ప్రమాణకర్తలు దానిని నిషేధించిరి. మూడున్నర అంగుళముల పెద్ద డిస్కు మాట యెత్తనే వలదు. దానికి పన్నెండు వోల్టులు కావలెను, ఏ సాధారణ యూఎస్‌బీ పోర్టును దాని దరికి రాదు.

బావ: ఇప్పుడు నీవు నన్ను మరల తీగల చెరలో పెట్టితివి! హబ్బు, హబ్బునకు అడాప్టరు, అడాప్టరునకు గోడ ప్లగ్గు. గోడ ప్లగ్గే యున్నచో నాకు బ్యాటరీ ప్రొజెక్టరేల? రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1909 ప్రాంతమున మద్రాసులో గోమో కంపెనీ వారి క్రోనోమెగాఫోను కొని, గుడారము వేసికొని, బర్మా సింహళముల దాక చిత్రములను చూపుచు తిరిగిరి. ఒక్క యంత్రముతో దేశములు తిరిగిన వారసత్వము మనది.

బావమరిది: మంచి సాక్షిని తెచ్చితిరి, ఆయన నా పక్షమునే పలుకును. ఆ క్రోనోమెగాఫోనునకు బొమ్మ చూపు యంత్రమొకటి, దానితో జోడుగా తిరుగు గ్రామఫోను పళ్లెములొకటి. ఆ ధ్వనిని సభకంతకు వినిపించుట గ్రామఫోను వశము కాదు గనుక, సంపీడనము చేసిన గాలితో దానికి వేరుగా బలమొసగిరి. తరువాతి టూరింగు టాకీసులవారును కరెంటు లేని యూళ్లకు ఆయిలు ఇంజనును డైనమోను వెంటగొనియే పోయిరి. సంచారము చేసిన ప్రదర్శకులందరును ఏ పనికెంత బలము కావలెనో ముందు లెక్కించి, దానిని మోసికొని పోయినవారే. తెరవెనుక దొరకునులే యని బయలుదేరినవా రెవ్వరును లేరు. మీకంత మోత కూడ అక్కరలేదు. చిత్రమును పెన్‌డ్రైవుపై తీసికొనిపొండు. అందు తిరుగునది లేదు, ఆరంభపు గుంజుడు లేదు, అరయాంపియరులో హాయిగా నిముడును. సెకనునకు ఎనిమిది మెగాబిట్ల చిత్రమనగా ఒక మెగాబైటు. ఎంత మందకొడి పెన్‌డ్రైవైనను దానిని చదువగలదు.

బావ: అచ్చటనే నీవు పట్టుబడితివి. సెకనునకొక మెగాబైటైనచో రెండు గంటల చిత్రము 7,200 మెగాబైట్లు. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవున ఎనిమిది చిత్రములు పట్టును. నా రెండు టెరాబైట్ల డిస్కున 270 పైచిలుకు పట్టును. గ్రంథాలయమునకు వచ్చువారు ఏమి వేయుదునో ముందు తెలిసికొని రారు. వచ్చి, కూర్చుండి, పాతదియో కొత్తదియో తమకు నచ్చినది అడుగుదురు. ‘అది తేలేదు’ అనుట గ్రంథాలయ ధర్మమునకు విరుద్ధము. పైగా ఫ్యాట్32 పద్ధతిలోనున్న పెన్‌డ్రైవు నాలుగు గిగాబైట్లకు మించిన ఫైలును పట్టదని నీవే చెప్పియుంటివి. నా చిత్రము ఏడు గిగాబైట్లకు పైనే.

బావమరిది: ఫ్యాట్32 మాట నిజము. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఎక్స్‌ఫ్యాట్‌కో మార్చుకొనవచ్చును. ఏది మీ ప్రొజెక్టరు చదువునో దానికి. ఎనిమిది చిత్రములు చాలవన్నచో పళ్లెము లేని ఎస్‌ఎస్‌డీ నొకటి తీసికొనుడు. నిల్వలో డిస్కుతో సరితూగును, కదలునది లేదు. దానియందును వివేచన వలయును: మిక్కిలి వేగముగల ఎస్‌ఎస్‌డీలు కొన్ని డిస్కుకంటె నెక్కువ విద్యుత్తు త్రాగును. సినిమాకు ఆ వేగము వ్యర్థము; తక్కువ త్రాగు సాధారణమైనదే మేలు. మీ పాత డిస్కు నింటివద్ద భాండాగారముగా నుండును.

బావ: ధర చూచి మాట్లాడుము, గ్రంథాలయ నిధి చూచి మాట్లాడుము. ఉన్న డిస్కు నుండగా రెండు టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ కొనుమనుట, ఉచితముగా సినిమా చూపువానికి చెప్పవలసిన సలహా కాదు. నా నిర్ణయము వినుము. ముంగిట ప్లగ్గున్న శనివారములలో నీవు చెప్పిన హబ్బుతో, దానిని పరీక్షించిన పిమ్మట, నా డిస్కునే నడిపెదను. ఎవరేమి యడిగినను వేయగలను. కరెంటు లేని తోటలోనో, చెరువుగట్టుననో ప్రదర్శించినప్పుడు మాత్రము ఎనిమిది చిత్రముల పెన్‌డ్రైవుతో పోయి, ‘ఈ యెనిమిదింటిలో నడుగుడు’ అని ముందే చాటింతును. ఇందు నేను ఓడిపోలేదు. పోర్టు ప్రక్కన తన శక్తిని స్పష్టముగా ముద్రింపని నిర్మాతపై నా ఫిర్యాదు నట్లే యుంచుకొనుచున్నాను.

బావమరిది: ఉంచుకొనుడు, ఆ ఫిర్యాదున నేనును సంతకము చేసెదను. కాని బావగారూ, ముద్రించిన చోటనైనను మనము చదువని నాడు ఆ ఫిర్యాదు నిలువదు. దుకాణమునకు పోయినవారు వెలుగెన్ని ల్యూమెన్లు, తెర యెన్ని అంగుళములు అని అడుగుదురే గాని, ఈ పోర్టు ఎన్ని యాంపియర్లిచ్చును, అది సమాచారమును చదువునా లేక విద్యుత్తే ఇచ్చునా, నా డిస్కునకు ఎన్ని కావలెను అని యడుగువారిని నా దుకాణమున నింతవరకు చూడలేదు.

బావ: ఇక ముందు చూచెదవు. గ్రంథాలయమునకు రెండవ ప్రొజెక్టరు కొనవలెనను తీర్మానము వచ్చు నెల సభలో నున్నది. కొటేషన్లు పంపుడని దుకాణములకు వ్రాయు ఉత్తరమున, ల్యూమెన్లకు ముందు గడిలో పోర్టు యాంపియర్లను చేర్చమని కార్యదర్శికి నేనే చెప్పెదను. ఆ గడిని ఖాళీగా పంపిన దుకాణపు కొటేషనును సభ ముందు పెట్టనే పెట్టను. నీ దుకాణమైనను సరే.